పాతచెక్కోపాఖ్యానం: టీకా తాత్పర్య సహితం

మూలం: “పాత చెక్కండీ, రంగు వేసినా నిలవదు. పీకేసి మాడ్యులర్ పెట్టేద్దాం. లైఫ్‌టైమ్ చూసుకోనక్కర్లేదు.”

అవతారిక. వంటింటి చెక్క అల్మారాల రంగు వెలిసి, పిడుల చుట్టూ వేళ్ళ జిడ్డు నల్లగా పేరుకుని, పొయ్యి పక్క తలుపు మీది పోపు మరకలు ఎంత తోమినా పోవని తేలిన రోజున ఈ వాక్యం పుడుతుంది. వక్త చేతిలో టేపు, చంకలో సన్‌మైకా ముక్కలు అతికించిన లావుపాటి పుస్తకం ఉంటాయి. శ్రోత ఇంటాయన. మూడుపూటలా ఆ తలుపులు తీసి మూసే ఇల్లాలు రెండడుగుల దూరంలోనే ఉన్నా సంబోధన ఆమెవైపు తిరగదు. ఆమె పాత్ర కాఫీ ఇవ్వడంతో సరి. మూలం మూడు వాక్యాలే అయినా ఇందులో ఒక అన్వయదోషం, ఒక హేత్వాభాసం, మూడు ‘వేయు’ ధాతువులు, ఒక మనిషి జీవితకాలం ఇమిడి ఉన్నాయి. అవసరం లేనిది ఒక్క మాటా చెప్పనని వ్యాఖ్యానం మొదట్లోనే ప్రతిజ్ఞ చేసినవాడు మెదక్ సీమలోని కొలిచెలమ, అంటే నేటి కొల్చారం, వాస్తవ్యుడైన మల్లినాథసూరి. ఈ టీక ఆ సంప్రదాయానికి చెందినది కాదు.

పాఠభేదాలు. ‘పీకేసి’కి ‘తీసేసి’ అని సౌమ్యమైన పాఠం ఒకటుంది. ‘చెక్కండీ’ తరవాత కొందరి నోట ‘సార్’ అని వినబడుతుంది. అర్థానికి అక్కరకు రాదు గనక దాన్ని ప్రక్షిప్తంగా భావించి వదిలేయడమైనది. ‘పాతచెక్కోపాఖ్యానం’ వైరిసమాసం కదా అనే ఆక్షేపణకు సమాధానం: ‘మాడ్యులర్ వంటిల్లు’ అంతకంటే వైరం.

‘పాత’. విశేషణం. ‘ప్రాతది, స్పష్టము’ అని దాటిపోవడం వ్యాఖ్యాతల ఆనవాయితీ. చిక్కంతా ఇక్కడే ఉంది గనక ఇక్కడ ఆగాలి. ఈ విశేషణం దేనికి చెందుతుంది? వక్త చెక్కకు తగిలించాడు. కానీ తలుపు మీద కంటికి ఆనేది చెక్క కాదు, ఎప్పుడో గృహప్రవేశానికి వేయించిన ఎనామిల్ రంగు. వెలిసింది అది, పెచ్చులు లేచింది అది. దాని మందం క్యాలెండరు కాగితమంత ఉంటే గొప్ప. దాని చాటున చెక్క ఎండా వానా ఎరగకుండా ఉంది. కాబట్టి ‘పాత రంగండీ’ అని అన్వయించుకోవాలి. రంగు వయసును చెక్క ఖాతాలో వేయడం చొక్కా చిరిగిందని మనిషిని పాతిపెట్టడం వంటిది.

‘చెక్క’. ఏ వస్తువు తాలూకు చెక్కో చెప్పే ‘అల్మారా’ అనే మాట మూలంలో లేదు, అధ్యాహారం చేసుకోవాలి. చేసుకోవడం టీకాకారుడికి మహా ఇష్టమైన పని. అల్మారా పోర్చుగీసుల ‘అర్మారియో’ నుంచి వచ్చింది. దాని వెనకున్న లాటిన్ ‘అర్మారియం’ పనిముట్లూ ఆయుధాలూ దాచే పెట్టె. అట్లకాడ, అప్పడాల కర్ర, కత్తిపీట, పచ్చడిబండ కొలువుండే చోటుకు ఇంతకంటే సార్థకమైన పేరు అమరసింహుడు కూడా పెట్టలేడు. విజయదశమి నాడు ఆయుధపూజ అక్కడే చేసినా తప్పు లేదు. ‘మేస్త్రీ’ కూడా వాళ్ళ ‘మెస్త్రె’నే. వస్తువు పేరూ, దాన్ని చేసేవాడి పేరూ ఒకే దేశపు ఓడల్లో దిగాయి. తిరుగు ప్రయాణంలో ఆ ఓడలు ఖాళీగా పోలేదు. దక్షిణాది భాషల తేక్కు, టేకు ‘తేకా’ అనే వేషంలో పోర్చుగీసులోకీ, ఆ దారినే ఇంగ్లీషులోకీ ఎక్కింది. ఆ బేరంలో పేర్లు వాళ్ళవి, చెక్క మనది. ఇప్పటి బేరంలో చెక్క కూడా పోయి పేరొక్కటే మిగులుతోంది.

టేకు మానులో నడిమి భాగానికి చేవ అని పేరు. ఆ చేవలో టెక్టోక్వినోన్ అనే పదార్థం ఉంటుంది. చెదపురుగుకు అది పడదు. సిలికా కూడా ఉంటుంది గనకనే టేకు మీద పనిచేసే ఉలికి మాటిమాటికీ పదును పెట్టుకోవాలి. అంటే వడ్రంగికే లొంగని చెక్క, తన మీది పూత వెలిసిందన్న బెంగతో నీరసించిపోతుందని మూలకారుడి వాదం.

పాతికేళ్ళ నాటి అల్మారాలన్నీ టేకువేనని దీని అర్థం కాదు. మద్ది ఉండవచ్చు, వేప ఉండవచ్చు, పేరు తెలియని అడవికర్ర కూడా ఉండవచ్చు. పరీక్ష సులభం. తలుపు లోపలివైపు, సింకు కింది అడుగు చెక్క, గోడకు ఆనే వెనక అంచు, ఈ మూడు చోట్లా స్క్రూడ్రైవరు మొనతో గుచ్చి చూడాలి. మొన దిగకపోతే చెక్క బాగున్నట్టే. మెత్తగా దిగితే ఆ ఒక్క పలక మార్పించాలి. అరల్లో పిండిలాంటి పొట్టు రాలుతుంటే పురుగు పట్టినట్టు. ముందు దానికి మందు, తరవాతే రంగు. ఇక ఆ అల్మారా చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డుదై, నీళ్ళు తాగి అంచులు ఉబ్బి ఉంటే మూలకారుడు చెప్పిందే నిజం. ఉబ్బిన బోర్డు మళ్ళీ సన్నబడదు. దాని మీద రంగు వృథా. అలాంటిది పెట్టింది కూడా వెనకటి మూలకారుడే అన్నది వేరే ప్రకరణం.

‘అండీ’. గౌరవార్థకం. స్పష్టము. ఇది ఎంత దట్టంగా పడితే అంచనా కాగితంలో అంకె అంత పొడుగవుతుందన్నది అనుభవం మీద తెలిసే సంగతి.

‘నిలవదు’. మూలంలో ఇది ‘వేసినా’ తరవాత వస్తుంది. కానీ పాఠక్రమం కంటే అర్థక్రమం బలమైనదని మీమాంసకుల నిర్ణయం. హోమం చేయమని ముందూ, గంజి కాయమని వెనకా వేదంలో ఉన్నా, గంజి కాచాకే హోమం చేయాలని వాళ్ళు తేల్చారు. వంటింటి సంగతి వంట తెలిసినవాళ్ళలా తేల్చిన అరుదైన శాస్త్రం అది. ఆ న్యాయాన్ని బట్టి రంగు ఎందుకు నిలవదో తేలాకే వేయడం గురించి మాట్లాడాలి.

మూలకారుడి అనుమానం ఇది: ‘రంగు నిలవదు, చెక్క పాతది కాబట్టి.’ ప్రతిజ్ఞ ఉంది, హేతువు ఉంది, ఉదాహరణ లేదు. వెతికితే ఎదురు ఉదాహరణలే దొరుకుతాయి. సంక్రాంతి బొమ్మల కొలువులో అమ్మమ్మల నాటి కొయ్యబొమ్మలు రంగు మీద రంగు వేయించుకుంటూ ఇప్పటికీ పైమెట్టు మీదే కూర్చుంటున్నాయి. ఊరి గుడిలో కొయ్య వాహనాలకు తిరునాళ్ళ ముందు రంగు వేస్తారు. గరుత్మంతుణ్ణి పీకేసి మాడ్యులర్ గరుత్మంతుణ్ణి పెట్టేద్దామని ఏ ధర్మకర్తా అనలేదు. పాతదై ఉండీ రంగు నిలిచే చెక్కలు ఇన్ని ఉన్నాయి గనక హేతువు దారి తప్పింది. దీన్ని మన తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో సవ్యభిచారం అన్నాడు, హేత్వాభాసాల్లో మొదటి స్థానం దానికే ఇచ్చాడు.

అసలు హేతువు తర్కశాస్త్రంలోనే ఎదురుగా ఉంది. పొగ ఉన్నచోట నిప్పుంటుందని చెప్పడానికి తార్కికులు తరతరాలుగా చూపే ఉదాహరణ మహానసం, అనగా వంటిల్లు. పొగను చూసి నిప్పును ఊహించినవాళ్ళు ఆ పొగ చివరికి ఎక్కడికి పోతుందో అడగలేదు. అది అల్మారా తలుపు మీదికి పోతుంది. మూకుడులో నూనె కాగి ఆవాలు చిటపటమన్న ప్రతిసారీ కంటికి కనబడని నూనె తుంపర పైకి లేచి, చల్లని తలుపు మీద వాలి, దుమ్ముతో కలిసి బంకలా గట్టిపడుతుంది. కొత్త రంగు ఈ బంకను పట్టుకుంటుంది, చెక్కను కాదు. బంక ఊడినప్పుడు రంగూ దానితోపాటే ఊడుతుంది. కాబట్టి సరైన అనుమానం: ‘రంగు నిలవదు, జిడ్డు ఉన్నది కాబట్టి.’

జిడ్డుకు బట్టల సోడా వైరి. గోరువెచ్చని నీళ్ళలో కలిపి, చేతులకు తొడుగులు వేసుకుని, గరుకు పీచుతో తోమాలి. పిడుల చుట్టూ, తలుపు పై అంచూ, పొయ్యికి ఎదురుగా ఉన్న రెండు మూడు తలుపులూ రెండోసారి తోమాలి. తరవాత మంచినీళ్ళ గుడ్డతో సోడా మిగలకుండా తుడిచి ఒకరోజు ఆరనివ్వాలి. తడివేలితో రాస్తే చెక్క కిర్రుమంటే కడగడం అయినట్టు. పెయింటరు సాధారణంగా ఈ రోజును లెక్కలోకి తీసుకోడు. పొడిగుడ్డతో ఒకసారి దులిపి, డబ్బా మూత తీస్తాడు. ఏడాది తిరక్కుండా పెచ్చులు లేస్తే ‘చూశారా, పాత చెక్క’ అంటాడు. మూలకారుడికి సాక్షులు ఇలా తయారవుతారు.

‘రంగు వేసినా’. అప్యర్థకం. మూలంలో ‘వేయు’ మూడుసార్లు ఉంది: రంగు వేసినా, పీకి వేసి, పెట్టి వేద్దాం. మొదటిచోట అది స్వతంత్ర ధాతువు. చేత్తో పని చేస్తుంది. మిగతా రెండుచోట్లా వేరే క్రియకు తోక. పని తొందరగా వదిలించుకోవడాన్ని సూచిస్తుంది. వక్త స్వతంత్ర ధాతువును కాదని తోకలను పట్టుకున్నాడు.

వేయడానికి ముందు విప్పాలి. తలుపులూ సొరుగులూ బందుల దగ్గర విప్పి, ప్రతిదానికీ లోపలివైపు బందు కింద నంబరు వేసి, దాని మరలు దాని పొట్లంలోనే ఉంచాలి. ఇది చాదస్తం కాదు. వడ్రంగి చేత్తో చేసిన తలుపుల్లో ఏ రెండూ ఒక కొలతవి కావు. పై వరసలో మూడోది నాలుగో చోట పట్టదు. విప్పకుండా బందుల మీదుగానే కుంచె లాగించేస్తే ఇత్తడి బందు రంగుతో బిగుసుకుపోతుంది, తలుపు తీసినప్పుడల్లా అంచు దగ్గర చిట్లుతుంది.

తరవాత గరుకు కాగితం. తెలుగు వడ్రంగులు దీన్ని ఉప్పు కాగితం అంటారు. అంకె పెరిగేకొద్దీ నునుపు. 120తో మొదలుపెట్టి 220తో ముగిస్తే చాలు. పాత రంగునంతా గీకి చెక్క తేల్చనక్కర్లేదు. గట్టిగా ఉన్న పూతను ఉంచి, దాని మెరుపును మాత్రం చంపాలి. ఇక్కడ నవ్వులాట కుదరని మాట ఒకటుంది. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2016లో వెలువడి, 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఎనామిల్‌లో సీసం ఉండే అవకాశం ఉంది. అలాంటి రంగును పొడిగా రుద్దితే ఆ ధూళి వంటింట్లోనే పడుతుంది. కాగితాన్ని నీళ్ళలో తడిపి రుద్దాలి, ముక్కుకు మాస్కు ఉండాలి, పిల్లలూ గర్భిణులూ ఆ చుట్టుపక్కల ఉండకూడదు, రుద్దిన బురదను గుడ్డతో ఎత్తి పారేయాలి, చీపురు ముట్టకూడదు.

గుంటలకూ పాత పిడుల రంధ్రాలకూ లప్పం. కొండపల్లి బొమ్మల పనివాళ్ళు పొనికి చెక్క ముక్కలను అతకడానికి చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపి మక్కు చేసుకుంటారు. వాళ్ళ మక్కుకు డబ్బా లేదు, ప్రకటన లేదు. ఏనుగు అంబారీ మాత్రం ఊడిరాదు. కొట్లో దొరికే లప్పం పుట్టు తెల్లవాడే గానీ చేసే పని అదే. పలచగా రెండుసార్లు పెట్టి, ఆరాక రుద్దాలి.

దీని మీద ప్రైమరు. మన కొట్లలో చెక్క ప్రైమరు గులాబీ రంగులోనూ తెలుపులోనూ దొరుకుతుంది. ముదురు రంగు కిందికి గులాబీ, లేత రంగు కిందికి తెలుపు. కానీ టేకులోని సహజమైన నూనె, కొన్ని చెక్కల్లోని వగరు ప్రైమరును కూడా దాటి పైకి ఊరి, తెల్లని తలుపు మీద టీ ఒలికినట్టు మరకలు తేలుస్తాయి. వీటిని అడ్డుకోవడానికి చెక్కను ముందు థిన్నరుతో తుడిచి, ఆపైన స్పిరిట్‌లో కరిగించిన లక్క ఒక పూత పూయడం పనివాళ్ళకు తెలిసిన ఉపాయం.

లక్క ప్రస్తావన వచ్చింది. అమరకోశం దీనికిచ్చే పేర్లలో జతువు, యావం, అలక్తం ఉన్నాయి; వీటి వెంట ద్రుమామయం అనీ ఉంది. ద్రుమామయం అంటే చెట్టు జబ్బు. కొమ్మల మీద పురుగులు గుంపులుగా చేరి స్రవించే జిగట గట్టిపడితే లక్క గనక ఆ పేరు కేవలం కవిత్వం కాదు. బతికిన చెట్టుకు జబ్బయినది చచ్చిన చెక్కకు మందు కావడం చూస్తే నిఘంటుకారుడికి వడ్రంగం కూడా తెలుసనిపిస్తుంది. అలక్తం తెలుగులో లత్తుకై ఆడవాళ్ళ పాదాలెక్కింది. లాక్ష ఇంగ్లీషులో ‘లాకర్’ అయింది, ఆ రూపాంతరంలోనూ పోర్చుగీసు చెయ్యి ఉంది. విశాఖ సీమలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ రంగు కలిపిన లక్క కణికను ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. కుంచె లేదు, ఆరబెట్టడం లేదు. ఇంత చరిత్ర ఉన్న లక్కను స్పిరిట్‌లో వేసి పూస్తే దాని పేరు ఫ్రెంచ్ పాలిష్.

లక్క వాడకంలో జగత్ప్రసిద్ధమైన ఇంటి పని వారణావతంలో జరిగింది. యజమాని దుర్యోధనుడు, గుత్తేదారు పురోచనుడు, కాపురం ఉండవలసినవాళ్ళు పాండవులు. చేయించేవాడు ఒకడు, ఉండేవాళ్ళు వేరొకరు అయినప్పుడు పనిలో ఏం జరుగుతుందో చెప్పడానికి భారతం వంటి పంచమవేదం అవసరమైంది. లక్క, నెయ్యి, నూనె, సర్జరసం మట్టిలో కలిపి గోడలకు మెత్తారు; పైన చూపులకు ఇల్లు దివ్యంగా ఉంది. ధర్మరాజు లోపల అడుగుపెట్టి వాసన చూశాడు. నెయ్యీ లక్కా కలిసిన వాసన అని భీముడితో మెల్లగా అన్నాడు. వెంటనే ఇల్లు ఖాళీ చేయలేదు. అనుమానం వస్తుందని ఏడాదిపాటు అక్కడే ఉండి, విదురుడు పంపిన పనివాడితో నేలలో సొరంగం తవ్వించుకున్నాడు. ఒప్పందం మీద సంతకం అయ్యాక యజమాని చేయగలిగింది నేటికీ అంతే. చివరికి భీముడు నిప్పు పెట్టగా గుత్తేదారు తాను కట్టిన ఇంట్లోనే కాలిపోయాడు. నిర్మాణ లోపానికి పూర్తి బాధ్యత వహించిన గుత్తేదారుగా పురోచనుడికి ఆ గౌరవం దక్కాలి. ఆ భీముడే తరవాత వలలుడన్న పేరుతో విరాటుడి వంటింట్లో చేరాడు. అక్కడి అల్మారాల గురించి అతని అభిప్రాయం భారతంలో లేకపోవడం ఒక వెలితి.

ధర్మరాజు పరీక్ష ఇప్పటికీ పనికొస్తుంది. కొత్త బోర్డు అల్మారా తలుపు తీయగానే ముక్కును కుట్టే ఘాటు ఫార్మాల్డిహైడ్ది. చౌక బోర్డుల్లో చెక్కపొట్టును పట్టి ఉంచే జిగురు నుంచి అది నెలల తరబడి వస్తుంది. ఎనామిల్‌కూ వాసన ఉంది గానీ కిటికీ తెరిచి ఉంచితే కొన్నాళ్ళకు పోతుంది. లక్క సంగతి కూడా మరవకూడదు: స్పిరిట్, థిన్నర్, టర్పెంటాయిల్ వాడే రోజుల్లో పొయ్యి వెలిగించకూడదు, గ్యాసు రెగ్యులేటరు కట్టేయాలి. వేడి గిన్నె తగిలితే లక్క తెల్లబారుతుంది గనక అది రంగు కిందే ఉండాలి, పైపూతగా పనికిరాదు.

పైపూత రెండుసార్లు, పలచగా. ఒకేసారి చిక్కగా వేస్తే కారుతుంది, పైన పొరకట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. తలుపును గోడకు నిలబెట్టి కాక, ఇటుకల మీద పడుకోబెట్టి వేయాలి. చెక్కిన అంచులూ మూలలూ కుంచెతో ముందు, చదునైన భాగం చిన్న రోలరుతో తరవాత. రెండు పూతల మధ్య 320 కాగితంతో దుమ్ము గింజలు పోయేంత తేలికగా రుద్దాలి. నునుపు చెక్క మీద ఒక పూతకు లీటరు ఎనామిల్ నూరు చదరపు అడుగులకు తక్కువ రాదు. మామూలు వంటింటికి రెండు లీటర్లు ఎక్కువే. లక్క పూతతో పోయేదానికి లక్షలు పోయడం లాక్ష, లక్ష శబ్దాలను సరిగా ఉచ్చరించకపోవడం వల్ల కలిగిన భ్రాంతి కావచ్చు.

తెలుపు కావాలనుకునేవాళ్ళకు ఒక హెచ్చరిక. నూనె జాతి ఎనామిల్ తెలుపు వెలుతురు తగలని చోట పసుపెక్కుతుంది. తలుపు బయట తెల్లగా, లోపల వెన్నరంగులో తేలుతుంది. లోపలివైపులకు నీళ్ళతో కలిపే ఎనామిల్ మేలు. వానాకాలంలో అసలు పనే పెట్టుకోకూడదు.

‘పీకేసి’. క్త్వార్థకం. క్త్వార్థక క్రియకూ ప్రధాన క్రియకూ కర్త ఒక్కడే కావాలని నియమం: పీకేవాడూ పెట్టేవాడూ ఒకడే. ఇక్కడ వ్యాకరణం కంటే ఆర్థికం ముఖ్యం. చెక్క చచ్చిపోయిందన్న మనిషే ‘తీసిన సామాను మేమే పట్టుకెళతాం, మీకు శ్రమ లేకుండా’ అంటాడు. పాత ఇళ్ళ వాసాలూ ద్వారబంధాలూ టేకు పలకలూ అమ్మే అడ్డాలు ప్రతి పట్నంలో ఉన్నాయి. బాగా ఆరి, ఇక వంకర తిరగనని రుజువు చేసుకున్న పాత టేకుకు అక్కడ ఉన్న గిరాకీ కొత్తదానికి ఉండదు. చచ్చిన చెక్కకు అంత గిరాకీ ఎందుకో మూలకారుణ్ణి అడగవలసింది. ఇంటాయన అడగడు. టెంపోలో ఎక్కుతున్న తలుపు లోపలివైపు, పాలవాడి లెక్కా ఏదో పెళ్ళి ముహూర్తమూ పెన్సిలుతో రాసి ఉన్న సంగతి ఇల్లాలికి అప్పుడు గుర్తుకొస్తుంది.

‘మాడ్యులర్’. లాటిన్‌లో మాడ్యులస్ అంటే చిన్న కొలత. కొలిచి కట్టిన వంటింటికి ఆదిరూపం 1926లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో మార్గరెటె షుటె-లిహొట్స్కీ అనే ఆస్ట్రియా వాస్తుశిల్పి గీసింది. సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. రైలు భోజనశాల పెట్టెలోని వంటగదిని చూసి, అడుగులూ నిమిషాలూ లెక్కగట్టి చేసింది. కార్మికుల కోసం కట్టిన ఇళ్ళలో అలాంటివి పదివేల దాకా పెట్టారు. అప్పటికి తాను వంట చేసి ఎరగనని ఆమే తరవాత చెప్పుకుంది. ఈ సంప్రదాయంలో ఆ ఒక్క అంశాన్ని వారసులు చెక్కుచెదరకుండా కాపాడుతున్నారు. వాళ్ళు కాపాడనిది ఇంకొకటి. ఆ అల్మారాలు చెక్కవి, వాటికి రంగు వేసి ఉండేది. ఈగలు నీలానికి దూరంగా ఉంటాయని నీలిరంగు ఎంచుకున్నారు. మాడ్యులర్ వంటిళ్ళ మూలపుటమ్మ రంగు వేసిన చెక్కే అన్నమాట.

‘పెట్టేద్దాం’. ఉత్తమ పురుష బహువచనం. తెలుగులో బహువచనం రెండు విధాలు: వినేవాణ్ణి కలుపుకునే ‘మనం’, వదిలేసే ‘మేం’. ‘ద్దాం’ ప్రత్యయం ఎప్పుడూ మనం వైపే. ప్రతిపాదన దాకా అందరం కలిసే ఉంటాం. బిల్లు దగ్గర ఆ బహువచనం ఏకవచనమై మధ్యమ పురుషలోకి మారుతుంది. ఏ పలక పెడతారన్నది కూడా ఈ క్రియలోనే దాక్కుని ఉంది. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ 72 గంటలు మరిగే నీళ్ళలో ఉన్నా పొరలు విడకూడదని నియమం. అంచనాలో ‘ప్లై’ అని మాత్రం ఉంటే ఆ ముద్ర ఉండాలని ఏమీ లేదు.

‘లైఫ్‌టైమ్’. షష్ఠీ తత్పురుష: లైఫ్ యొక్క టైమ్. ఎవరి లైఫ్? ఇంటాయనదా, అల్మారాదా, అమ్మిన దుకాణానిదా? మూలం మౌనంగా ఉంది. కాగితం వెనక సన్నని అక్షరాల్లో చదివితే సాధారణంగా అది బందుల లైఫ్ అని తేలుతుంది. నీళ్ళు, వేడి, పురుగు వల్ల కలిగే నష్టానికి వర్తించదని మరో పంక్తి ఉంటుంది. నీళ్ళూ వేడీ పురుగూ లేని వంటిల్లు బొమ్మల దుకాణంలో దొరుకుతుంది.

‘చూసుకోనక్కర్లేదు’. ‘కొను’ అనే అనుప్రయోగం తనకోసం తాను చేసే పనిని చెబుతుంది. దాన్ని నిషేధించడమంటే ఇక ఆ ఇంట్లోవాళ్ళు తమ వస్తువును తాము కనిపెట్టుకోనక్కర్లేదని. రంగు వేసిన చెక్క ఈ మాట ఇవ్వదు. ఎనామిల్ మర్నాటికే చేతికి అంటకుండా ఆరుతుంది గానీ, గాలిలోని ఆక్సిజన్ తీసుకుని లోపలిదాకా గట్టిపడడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. అందాకా తలుపులు పూర్తిగా బిగించి మూయకూడదు, మూస్తే చట్రానికి అంటుకుపోతాయి; ఒక అగ్గిపుల్ల అడ్డుపెట్టి ఓరగా ఉంచాలి. తడిగుడ్డ తప్ప పీచు తగలకూడదు. ఆ తరవాత పిడి దగ్గర గీత పడినప్పుడల్లా సన్న కుంచెతో ఒక చుక్క. అందుకని డబ్బాలో మిగిలిన రంగును చిన్న గాజుసీసాలో మూతిదాకా పోసి, పైన షేడ్ నంబరు రాసి, అటక మీద తలకిందులుగా పెట్టాలి. సీసా వెలితిగా ఉంటే లోపలి గాలికి రంగు మీగడ కడుతుంది.